చంద్రవ్వ సమాధానం

"...జరిపిందెవరని నేనడుగుతలేనే. నా బిందె తనంతట తనే లేచి, నడుసుకుంట వోయి మోరి పక్కన గూసున్నదా అని అడుగుతున్న."

"గూసుంటదేమో. నీ ఇంట్ల సామాన్లకు గూడ నీ లెక్కనే ఒక్కకాడ కాలు నిలువది గద."

"నా కాలు ముచ్చట నీకెందుకే, నీ నోట్ల మన్నువడ."

"నా నోట్ల వడితే వడనీ. నీ నోట్ల మన్నువడుదామన్నా జాగ లేదు, అంత నాలికెనే ఉన్నది."

ఈ చివరి మాట పక్కింటి లింగవ్వది. మాట బాగుందని చంద్రవ్వకు కూడా లోపల అనిపించింది. అందుకే దానికి తగ్గ జవాబు కోసం ఒక్క క్షణం ఎక్కువ తీసుకుంది. ఎడమ చేయి నడుం మీద వేసి, కుడిచేయి ఆకాశంలోకి ఎత్తి, గొంతు సవరించుకుని పక్కకు తిరిగేసరికి, మురుగు మోరీ అవతల మోటారుసైకిల్ మీద కూర్చుని, ఒక కాలు నేలకు ఆనించి అయ్యగారు చూస్తున్నారు.

అయ్యగారంటే కరుణాకర్ పాస్టరు. కరీంనగర్ మనిషి, మొన్న ఈస్టరుకే బెల్లంపల్లి సంఘానికి వచ్చారు. వయసు చిన్నది, గొంతు ఇంకా చిన్నది. చంద్రవ్వ పెనిమిటి మోకాళ్ల నొప్పులకు ప్రార్థన చేద్దామని వస్తూ వీధి నల్లా దగ్గర ఆగిపోయారు.

"వందనాలయ్యగారూ," అంది చంద్రవ్వ. ఎత్తిన చేయి దించాలని తోచలేదు. బిందెల వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. లింగవ్వ మాత్రం పాస్టరుకు మర్యాదగా దండం పెట్టి, నిండిన బిందె నడుం మీద ఎత్తుకుని, గెలిచినదానిలా వెళ్లిపోయింది.

మూతపడ్డ గని వెనకాల ఉన్న ఆ బస్తీలో చంద్రవ్వ నోరు ఉమ్మడి ఆస్తి. రేషన్ దుకాణం తెరవకపోయినా, కరెంటు తీగ తెగి పడినా, ఎవరి దూడ ఎవరి పెరట్లో దూరినా మొదట ఆమె తలుపే కొట్టేవాళ్లు. ఆమె తల్లి నాట్లలో పాట ఎత్తుకునే మనిషి. ఆమె గొంతెత్తితే మడి అవతలి గట్టు మీద కూలీలు కూడా వంత పాడేవారట. ఆ గొంతు కూతురికి వచ్చింది కానీ, బెల్లంపల్లిలో నాట్లు లేవు. అందుకని తిట్లకు ఉపయోగపడింది. చంద్రవ్వ తిట్టుకు తాళం ఉండేది, ఎత్తుగడ ఉండేది, ముక్తాయింపు ఉండేది. తిట్టించుకున్నవాడు కూడా ఇంటికి వెళ్లి రెండు ముక్కలు భార్యకు వినిపించేవాడు.

పెనిమిటి బుచ్చిరాములు గనిలో పనిచేసి కొలువు దిగిపోయిన మనిషి. చాలా ఏళ్ల కింద గనిలో పైకప్పు కూలి అతని కాళ్ల మీద పడింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు సంఘంలోని ఒక ముసలమ్మ రోజూ జొన్న గటక, చారు తెచ్చి ఇచ్చిపోయేది. దేవుడి గురించి ఒక్క మాట చెప్పలేదు. ఈమె ఎందుకు తెస్తోందో చూద్దామనే ఒక ఆదివారం చంద్రవ్వ రేకుల షెడ్డులోని ఆ గుడికి వెళ్లింది. ఆ తరువాత కొన్నాళ్లకు మంచిర్యాల దగ్గర గోదావరిలో బాప్తిస్మం తీసుకుంది. ఆమెను నిలబెట్టింది మాత్రం పాట కాదు, ప్రసంగమూ కాదు. తల్లిగారి ఊళ్లో హోటలు గుంజకు తమవాళ్ల చాయ్ గ్లాసులు వేరుగా వేలాడేవి. ఇక్కడ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల పెట్టి రొట్టె పంచినప్పుడు, గని ఆఫీసులో పనిచేసే సారు భార్య విరుచుకున్న రొట్టెలోనే తననూ విరుచుకొమ్మన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి బుచ్చిరాములుతో, "ఒక్కటే పల్లెమిచ్చిన్రు," అంది. ఇంకేమీ చెప్పలేదు. అప్పటినుంచి నెల మొదటి ఆదివారానికి ఒక తెల్లచీర విడిగా ఉతికి పెట్టుకునేది. ఒక్క నెల కూడా బల్ల తప్పలేదు.

ఆ సాయంత్రం అయ్యగారు ప్రార్థన ముగించి, చాయ్ తాగి, చెప్పులు వేసుకుంటూ చిన్న గొంతుతోనే చెప్పారు. ఒకే నోటితో దేవుణ్ని స్తుతించి, అదే నోటితో పక్కింటామెను శపించి, ఆ నోట్లోనే రొట్టె పెట్టుకోవడం తగదన్నారు. లింగవ్వతో సమాధానపడి రమ్మన్నారు. అప్పటిదాకా బల్లకు దూరంగా ఉంటే మంచిదన్నారు.

ఆ రాత్రి చంద్రవ్వ తెల్లచీర తీసి చూసి మళ్లీ పెట్టేసింది. వచ్చే మొదటి ఆదివారం పళ్లెం తన ముందునుంచి దాటిపోతుంది. తప్పు ఎక్కడ మొదలైందో ఆమెకు తెలుసు. బాప్తిస్మం తీసుకున్న కొత్తలో లింగవ్వ ఎల్లమ్మకు బోనం చేసి, ఆ ప్రసాదం గిన్నెలో పెట్టి పంపితే, మూత కూడా తీయకుండా తిప్పి పంపింది. తిననని చెప్పి, తెచ్చిన మనిషికి చాయ్ పోసినా పోయేది. అదీ చేయలేదు. ఆ తరువాత ఆ రెండిళ్ల మధ్య పోట్లాట లేని మాట పుట్టలేదు.

మర్నాడు చంద్రవ్వ, తను మిర్చీలమ్మే బండి మీద వేసిన మొదటి వాయి ఒక డబ్బాలో పెట్టుకుని, తల నిండా కొంగు కప్పుకుని లింగవ్వ ఇంటికి వెళ్లింది. లింగవ్వ అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"లింగవ్వా, నీకు సమాధానమిద్దామని వచ్చిన."

సంఘంలో సమాధానమంటే శాంతి. ప్రార్థన చివర సమాధానం కలుగును గాక అంటారు, చనిపోయిన ఇంట్లో సమాధానం కోసం పాడతారు. అన్నేళ్లుగా వినీ వినీ ఆ మాటకు ఇంకో అర్థం ఉందన్న సంగతే చంద్రవ్వ మరిచిపోయింది. లింగవ్వకు మాత్రం సమాధానమంటే బళ్లో పంతులు అడిగితే చెప్పేది, లేదా నల్లా దగ్గర ఎదుటిదాని నోరు మూయించేది.

లింగవ్వ చాట పక్కన పెట్టింది. "రాత్రంత ఆలోచన జేసినవా? ఇయ్యి మరి. వింట."

"గది గాదే. మనిద్దరి నడుమ సమాధానం ఉండాలె అన్నడు మా అయ్యగారు."

"ఓహో. అయ్యగారు రాసిచ్చిండా? నీకు సొంతంగ వస్తలేదా ఇప్పుడు?"

చంద్రవ్వ నవ్వబోయింది, చెప్పబోయింది, కానీ నాలుక ఆమెకంటే ముందు లేచింది. మాటకు మాట పెరిగి "నీ చేతులిరగ" దగ్గర ఆగింది. మిర్చీల డబ్బా అరుగు మీదే వదిలేసి వచ్చేసింది. పొద్దున చూస్తే డబ్బా శుభ్రంగా కడిగి గోడ మీద బోర్లించి ఉంది. మిర్చీల ఊసు లేదు.

సంగతి విన్న అయ్యగారు చాలాసేపు కిటికీలోంచి బయటకు చూశారు. ఆయన భుజాలు ఎందుకు కదులుతున్నాయో చంద్రవ్వకు తెలియలేదు. తరువాత తిరిగి, ఇప్పుడే ఆమె దగ్గరికి పోవద్దు, ముందు నోటిని మార్చుకో అన్నారు. ఎవరి మీద కోపం వస్తే వాళ్లను దీవించమన్నారు. ఎవరినైనానా అని అడిగింది. ఎవరినైనా అన్నారు.

చంద్రవ్వ ఏదైనా పట్టుకుంటే సగంలో వదిలే మనిషి కాదు. తిట్లన్నీ వరుసగా గుర్తు చేసుకుని ఒక్కొక్కదాన్నీ తిరగేసింది. పని తేలికే అయింది. కాళ్లిరగ అన్నా, కాళ్లు గట్టివడ అన్నా నోరు తిరిగేది ఒకే తీరు. ఇల్లు గూల అనేచోట ఇల్లు నిలువ అంటే చాలు. మాటలు మారాయి, కానీ తాళం మారలేదు. నడుం మీద చేయి అలాగే ఉంది, ఎత్తిన చేయి అలాగే ఉంది, కళ్లలో నిప్పులు అలాగే ఉన్నాయి.

మొదటి దీవెన బుచ్చిరాములుకు దక్కింది. మంచం మీదినుంచి కాలు చాపి శనగపిండి గిన్నె తన్నేశాడు. చంద్రవ్వ పళ్లు బిగించి, గట్టిగా గాలి పీల్చుకుంది.

"నీ ఆయుష్షు పెరుగ. నీ మోకాళ్లు ఉక్కుగాను. నూరేండ్లు గీ మంచంలనే గూసొని కడుపునిండ తిన."

బుచ్చిరాములు చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. ముఖం పాలిపోయింది. "ఏమే, డాక్టరేమన్న చెప్పిండా? నాకు తెల్వకుంట దాస్తున్నవా?"

తరువాత పిండిలో మూతి పెట్టిన మేకకు సంతానం పెరగాలని దీవెన అందింది. సీటు మీద తువ్వాలు వేసి జాగా ఆపుకున్న మందమర్రి బస్సు ప్రయాణికుడికి ఏడు తరాలు కూర్చుని తినాలని అందింది. అతను లేచి ఆ జాగా ఆమెకే ఇచ్చి, తువ్వాలు కూడా మరిచి దిగిపోయాడు.

ఇక నల్లా వాల్వు తిప్పే అంబదాస్. ఆసిఫాబాద్ అవతలివాడు, మాటలో సగం మరాఠీ. బుద్ధి పుట్టినప్పుడు నీళ్లు వదిలేవాడు, పుట్టనప్పుడు చెట్టు కింద పండుకునేవాడు. చంద్రవ్వ తిట్లకు అలవాటు పడ్డవాడు కూడా. తిట్టు అయిపోయేదాకా ఓపిగ్గా విని, అయిపోయాక వాల్వు తిప్పేవాడు. ఆ రోజూ ఆమె రావడం చూసి తల వంచుకుని నిలబడ్డాడు.

"అంబదాసూ, నీ చెయ్యి సల్లగుండ. నీ ఇంట్ల పాలు పొంగ. నీ పిల్లలు కలెక్టర్లయి కార్ల తిరుగ."

అంబదాస్ మిగతాదాని కోసం ఎదురుచూశాడు. కార్లు బోల్తా పడతాయేమో అనుకున్నాడు. ఏమీ రాలేదు. చంద్రవ్వ చేయి దించి, అతనికేసి చూసి నవ్వింది. ఆ నవ్వు అతనెప్పుడూ చూడలేదు.

"కాయ్ ఝాలా, అక్కా? ఏమైంది? నేనేం జేసిన?"

"ఏం జెయ్యలే తమ్మీ. అందుకే దీవిస్తున్న."

ఆ రోజు నీళ్లు మధ్యాహ్నం దాకా వచ్చాయి. బిందెలు నిండాయి, డ్రమ్ములు నిండాయి, అన్నం గిన్నెలు, మూతలు, చాయ్ గ్లాసులు నిండాయి. ఇంక నింపడానికి ఏమీ లేక ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. ఎన్నడూ గడప దిగని ఒక ముసలమ్మ వచ్చి నల్లా కింద తల పెట్టి కూర్చుంది. వద్దన్నా లేవలేదు. తడిసి ముద్దయిన చంద్రవ్వ ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే నవ్వింది. నవ్వలేక మోరీ గట్టు పట్టుకుని కూర్చుంది.

అప్పటినుంచి చంద్రవ్వ దీవెన తిట్టుకంటే గట్టిదని బస్తీలో పేరు పడింది. ఫలానావాణ్ని జర దీవించవా అని మనుషులు బండి దగ్గరికి రావడం మొదలుపెట్టారు. మిర్చీలు కొన్నవాళ్లు కొనకపోయినవాళ్లను దీవించమన్నారు. దారిలో కనపడిన అయ్యగారికి ముక్కూమొఖం తెలియనివాళ్లు కృతజ్ఞతలు చెబుతుంటే, ఆయన దేనికో అర్థంకాక తిరిగి దండాలు పెట్టేవారు.

ఒక్క లింగవ్వ దగ్గర మాత్రం ఏదీ పారలేదు. నీ బిందె నిండ అని దీవిస్తే, "నా బిందె నేను నింపుకుంట, నడుమ నీ నోరెందుకు?" అంది. చంద్రవ్వ పళ్లు కొరుక్కుని ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు కొత్త.

మొదటి ఆదివారానికి ముందురోజు బస్తీలోకి కొత్త పైపులు దిగాయి. ఇక ఇంటింటికీ నల్లా పెడతారట, వీధి నల్లా తీసేస్తారట. కంట్రాక్టరు పంపిన సూపర్‌వైజరు పసుపుపచ్చ టోపీ పెట్టుకుని, టేపు పట్టుకుని ఇల్లిల్లూ కొలుచుకుంటూ వచ్చాడు. హైదరాబాద్ కుర్రాడు, మాట మెత్తన. చంద్రవ్వ ఇంటి దాకా వచ్చి టేపు చుట్టేశాడు. లింగవ్వ ఇల్లు ఆ పక్కనే, మలుపులో, చివరిది. ఆ ఇల్లు తమ ప్లానులో లేదన్నాడు.

వీధి నల్లా కూడా పోతే నీళ్లకెక్కడికి పోవాలని లింగవ్వ అడగాలి. అందరూ ఆమె నోటికేసి చూశారు. లింగవ్వ రెండు చేతులూ జోడించి, "అయ్యా, సారూ," అంది. అంతకుమించి మాట పెగల్లేదు. ఆమె నోరు చంద్రవ్వ ముందు తప్ప ఎవరి ముందూ తెరుచుకోదని బస్తీకి ఆ రోజే తెలిసింది.

ఆ జోడించిన చేతులు చూసి చంద్రవ్వకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. అన్నేళ్లు తన ముందు ఒక్క మెట్టు దిగని మనిషి, ఒక టేపు ముందు వంగి నిలబడటమా. బండి మీద మూకుడు దించేసి వచ్చింది. కానీ రేపు మొదటి ఆదివారం. తెల్లచీర ఉతికి, ఇస్త్రీ చేయించి దండెం మీద వేసి ఉంది. అందుకని నడుం మీద చేయి వేసి, కుడిచేయి ఎత్తి, తనకున్న దీవెనల్లోకెల్లా పెద్దవి తీసింది.

"కొడుకా, నీ ఇల్లు నిలువ. నీ కడుపు సల్లగుండ. నువ్వు ముట్టింది బంగారంగాను."

సూపర్‌వైజరు టోపీ తీశాడు. అతని కళ్లు చెమర్చాయి.

"థాంక్స్ ఆంటీ. మీలాంటి పెద్దవాళ్ల ఆశీర్వాదమే మాకు కావాలి," అని వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

వాడికి ఆ తాళం తెలియదు. మాట ఎలా ఉంటే అలాగే తీసుకున్నాడు. సంతోషంగా మిగిలిన పైపులు ఎత్తించి తన బండిలో పెట్టిస్తున్నాడు కూడా. చంద్రవ్వ ఒకసారి దండెం మీది తెల్లచీర వైపు చూసింది. గడపలో నిలబడ్డ బుచ్చిరాములు వైపు చూసింది. అతను గబగబా తల వంచుకుని తన కాలివేళ్లు పరిశీలించసాగాడు.

"నీ టేపు దెగ," అంది చంద్రవ్వ.

చాలా రోజులకు విన్న ఆ మాటకు ఇళ్లలోంచి మనుషులు బయటికి వచ్చారు. స్నానం చేస్తున్నవాళ్లు తువ్వాళ్లతోనే వచ్చారు.

"నీ ప్లానుకు చెదలు వట్ట. గంత పొడుగు పైపు తెచ్చి గీ ముసల్దాని గడప కాడ నీ చెయ్యి కురుసైందారా? నీ నోట్ల మన్నువడ. వడ్డ మన్ను కడుక్కుందామంటె సుక్క నీళ్లు దొరుకక..."

అక్కడ ఆమె ఊపిరి తీసుకోవాలి. ఆ సందు ఎక్కడొస్తుందో ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. లింగవ్వ జోడించిన చేతులు విడిపోయాయి.

"దొరికినా నల్లా తిరుగక," అంది వెనకనుంచి.

"తిరిగినా గాలి తప్ప ఏం రాక."

"వచ్చిన గాలికి నీ టోపి లేచి గనిల వడ."

ఇద్దరూ ఒకరి తోక ఒకరు పట్టుకుని సాగారు. ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకున్నారు. అన్నేళ్ల సాధన వృథా పోలేదు. బస్తీ గోడల మీదెక్కి కూర్చుని వంత పాడింది. వాల్వు దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చిన అంబదాస్, చంద్రవ్వ మళ్లీ తిడుతోందని విని గుండెల మీద చేయి వేసుకుని, బతికినం దేవుడా అన్నాడు. సూపర్‌వైజరు రెండు చేతులతో టోపీ పట్టుకుని, తన చేతిలో ఏమీ లేదనీ, సోమవారం ఆఫీసుకు వచ్చి పెద్దసారుతో మాట్లాడమనీ, అప్పటిదాకా వీధి నల్లా ముట్టననీ చెప్పి బండి ఎక్కేశాడు.

లింగవ్వ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తాగు. నీ గొంతు జర బొంగురువోయింది. ఇన్నొద్దులు ఊకున్నవు గద, తుప్పు వట్టింది."

చంద్రవ్వ తాగింది. సగంలో టోపీ గనిలో పడటం గుర్తొచ్చి పొలమారింది. లింగవ్వ నెత్తి మీద తట్టబోయి తనే నవ్వలేక అరుగు మీద కూలబడింది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆగి ఒకరినొకరు చూసుకుని మళ్లీ మొదలుపెట్టారు. చివరికి బుచ్చిరాములు కుంటుకుంటూ వచ్చి, చల్లారిపోయిన నూనె సంగతి గుర్తుచేయాల్సి వచ్చింది. వాయి వేసి మొదటి మిర్చీలు లింగవ్వకే ఇచ్చింది. లింగవ్వ, ఉప్పు తక్కువైందని చెప్పి అన్నీ తినేసింది.

ఆదివారం చంద్రవ్వ తెల్లచీర కట్టుకుని గుడికి వెళ్లింది. పాటలో ఆమె గొంతు బొంగురుగానే ఉన్నా డోలక్‌ను దాటి వినిపించింది. ముందు బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, ద్రాక్షరసం ఉన్నాయి. ఆ రెండిళ్లవాళ్లు ఒకే అరుగు మీద కూర్చుని నవ్వారన్న కబురు అయ్యగారికి అప్పటికే అందింది. ఆ నవ్వుకు ముందు జరిగింది కూడా అందింది. తల తడుముకుంటూ, నోరు జారితే ఒప్పుకుంటే చాలని, క్షమాపణ ఉంటుందని, బల్లకు రావచ్చని ఆమెకు గుమ్మం దగ్గరే చెప్పారు. ఆయన ముఖంలో సంతోషం దాగడం లేదు.

చంద్రవ్వ తన చోట కూర్చుని తెల్లగుడ్డ వైపు చాలాసేపు చూసింది. ఒప్పుకోవడానికి ఆమెకు అభ్యంతరం లేదు. నిన్నటిదాన్ని ఒప్పుకోగలదు. కానీ సోమవారం ఇంకా రాలేదు.

దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. చంద్రవ్వ కొంగు సరిచేసుకుని లేచి నిలబడింది.

"అందరికి వందనాలు. లింగవ్వతోని నాకు సమాధానమైంది. గాని అయ్యగారూ, ఈ నెల నేను రొట్టె ముట్ట. రేపు సోమారం మేమిద్దరం ఆఫీసుకు వోతున్నం. ఆమెకు నల్లా ఇయ్యమంటె ఆడ నేనేమంటనో నాకిప్పుడే ఎరుకున్నది. ఎరుకుండి ఇయ్యాల తినుడు నాతోని కాదు. ఆమె ఇంట్ల నీళ్లు వడ్డంక బల్ల కాడికి వస్త."